డ్రమ్ము స్క్రూ ఊడి చావట్లేదు, ఎవరైనా చెప్పండి

వైజాగ్ బాబి: పొద్దున్నుంచి దీని దగ్గరే కూర్చున్నా. కారు ముందు వైపు చక్రం ఊడదీశా, బ్రేకు ప్యాడ్లని నొక్కే కాలిపర్ తీశా. డ్రమ్ముకున్న రెండు స్టార్ స్క్రూలు మాత్రం కదలవు. ఒకదాని తల అరిగి గుంట పడింది. డబ్ల్యూడీ ఫార్టీ స్ప్రే సగం డబ్బా అయిపోయింది. రేపు ఆఫీసుకి బండి కావాలి.

పాత స్పానర్: ఏ బండి?

మూర్తి మాస్టారు: బాబూ, బండి జాకీ మీదే ఉందా, కింద స్టాండు పెట్టావా? జాకీ ఎప్పుడు దిగిపోతుందో చెప్పలేం. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందకి తోసి ఉంచు. కాలిపర్‌ని బ్రేకు హోసుకి వేలాడదీయకు, తీగతో స్ప్రింగుకి కట్టు.

వైజాగ్ బాబి: స్టాండు ఉందండీ. స్క్రూ సంగతి చెప్పండి.

గోదారి రమణ: డిస్కు బ్రేకుకుండే కాలిపర్ అంటారు, డ్రమ్ము అంటారు. ఒకే చక్రానికి రెండూ ఎలా ఉంటాయి?

మూర్తి మాస్టారు: ఎందుకుండవు? హ్యాండ్ బ్రేకు డ్రమ్ము డిస్కు లోపలే ఉండే బండ్లున్నాయి.

గోదారి రమణ: అది వెనక చక్రానికి సార్. ఇతను ముందుది అన్నాడు.

వైజాగ్ బాబి: మా షెడ్డులో అన్నిటినీ డ్రమ్మనే అంటారు. డిస్కే. హోండా సిటీ, 2012. ఇల్లు బీచ్ రోడ్డు పక్కనే.

పాత స్పానర్: ఇది ముందే చెప్పాల్సింది. ఉప్పు గాలి, అందుకే ఆ తుప్పు. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చుకో, కరెంటుది కాదు. 3వ నంబరు బిట్టు. 2వది పెట్టి ఉంటావు, అందుకే తల పోయింది. విప్పే వైపు సెట్ చేసి, గట్టిగా అదిమి కొట్టు. తల పోయినదాన్ని 6 ఎంఎం కంటే కాస్త లావు బిట్టుతో డ్రిల్ చెయ్, తల ఊడిపోతుంది. మిగిలిన కాడని తర్వాత ప్లయరుతో తిప్పొచ్చు.

గోదారి రమణ: అంత అవసరమా? డీజిల్ పోసి రాత్రంతా వదిలేస్తే సరి.

పాత స్పానర్: బ్రేకు మీద డీజిలా?

మూర్తి మాస్టారు: డబ్ల్యూడీ ఫార్టీ కూడా ప్రధానంగా తడి పోగొట్టడానికే. డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, ఆ పేరులోనే ఉంది. ఇంతకీ తల ఎగరగొడితే డిస్కుని పట్టుకునేదేది? కంపెనీ వాడు ఊరికే పెట్టడు కదా.

పాత స్పానర్: చక్రం నట్లు పట్టుకుంటాయి మాస్టారూ. ఆ స్క్రూలు చక్రం ఎక్కేదాకా డిస్కు జారకుండా ఉండటానికి.

వైజాగ్ బాబి: రెండు స్క్రూలూ ఊడాయి. ఇప్పుడు డిస్కు, చక్రం బిగించే హబ్బుకి అతుక్కుపోయింది. సుత్తితో కొట్టనా?

పాత స్పానర్: వద్దు, ఆ దెబ్బ బేరింగుకి తగులుతుంది. డిస్కులోనే మరలున్న ఖాళీ రంధ్రాలు రెండున్నాయి చూడు. 8 ఎంఎం బోల్టులు, 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం). ఒకటి అర చుట్టు, ఇంకోటి అర చుట్టు, మార్చి మార్చి బిగించు, అవే డిస్కుని బయటికి నెడతాయి.

మూర్తి మాస్టారు: చక్రం నట్లు 108 న్యూటన్ మీటర్లకి బిగించాలి. కాలితో తొక్కి బిగించకు.

గోదారి రమణ: అంటే ఎన్ని కేజీలు? ఎంత బిగువో చూపే మా టార్క్ రెంచ్ మీద కేజీలే ఉన్నాయి.

మూర్తి మాస్టారు: 11 కేజీ మీటర్లు. కేజీలు అనకూడదు.

వైజాగ్ బాబి: డిస్కు టప్పుమని వచ్చేసింది. థాంక్స్.

పాత స్పానర్: కొత్త డిస్కేనా వేసేది? పాతదైతే మందం కొలువు, కనీసం ఎంతుండాలో దాని మీదే ఉంటుంది.

గోదారి రమణ: బాబీ, ఆ ఇంపాక్ట్ డ్రైవర్ ఎంతకి దొరికింది?