కుడి అంచున మాత్రమే పడుగు పోగులు తెగుతున్నాయి
బండారులంకలో గుంటమగ్గంపై 80 కౌంటు (సన్నని) నూలు చీర నేస్తున్నాను. వారం రోజులుగా ఉదయం 10 గంటల దాకా సాఫీగా సాగే నేత, పడమటి గాలి తిరిగాక కుడి అంచున గంటకు 5, 6 పడుగు (నిలువు) పోగులు తెగడంతో ఆగిపోతోంది. తెగిన చోటల్లా పన్నె (పడుగు పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటి చట్రం) వెనుక బియ్యపుగింజంత నూగు ఉండ కనిపిస్తోంది. గంజిలో కొబ్బరినూనె పెంచి మళ్ళీ పట్టించాను, ఆరిన నూలు త్వరగా తెగుతుంది కనుక గుంటలో తడి గోనెలు పరిచాను, చివరకు పన్నె కూడా మార్చాను, తేడా లేదు. ఎడమ అంచుకూ అదే నూలు, అదే గంజి కాబట్టి తప్పు నూలుదని నేననుకోను. నిన్న కొలిస్తే పన్నెలో 48 అంగుళాలున్న పడుగు, నేసిన బట్టలో 45 అంగుళాలకు కుదించుకుపోయింది. ఈ స్థితిలో ముందుగా నాడెలో (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్ళే సాధనం) పేక, అంటే అడ్డపోగు, బిగువు తగ్గించాలా, లేక బట్ట వెడల్పును పట్టి ఉంచే వెదురు బద్దను నేతకు ఇంకా దగ్గరగా జరపాలా?