క్యారవాన్‌కి ఏ బ్యాటరీ మంచిది? ట్యూబులరా, లిథియమా?

ప్రశ్న (గుంటూరు)
అందరికీ నమస్కారం. మా ట్రావెలర్ వ్యాన్‌ని క్యారవాన్‌గా మార్పించాం. మొన్న సూర్యలంక వెళ్లి బండిలోనే పడుకున్నాం. 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, అంతే. తెల్లారి తాళం తిప్పితే టిక్ టిక్ తప్ప ఇంజన్ కదల్లేదు. ఇంకో బ్యాటరీ పెట్టుకోమంటున్నారు. ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబులర్ బ్యాటరీ చాలని ఒకరు, లిథియమే కొనమని ఇంకొకరు. ఏసీ కూడా నడవాలని మా ఆవిడ పట్టు. ఏం చేయమంటారు?

జవాబు (విజయవాడ ఆటోనగర్)
అన్నా, ఇంజన్ బ్యాటరీ ఉన్నది సెల్ఫ్ కొట్టడానికి. కొన్ని సెకన్లు వందల ఆంపియర్లు ఇస్తుంది గానీ రాత్రంతా ఫ్రిజ్ లాగితే పడిపోతుంది. పదే పదే అలా అడుగంటా దించితే ఇక కోలుకోదు. రెండో బ్యాటరీ పెట్టాల్సిందే.

కొనేముందు లెక్క వేసుకోండి. ఫ్రిజ్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి సగటున 25 వాట్లు, రోజుకి 600 వాట్ అవర్లు. పాతిక వాట్ల ఫ్యాన్లు రెండు, ఎనిమిది గంటలకి 400. లైట్లు, ఫోన్లు ఇంకో 100. మొత్తం 1100, పన్నెండు వోల్టులతో భాగిస్తే దాదాపు 92 ఆంపియర్ అవర్లు (ఏహెచ్). ట్యూబులర్‌ని సగానికి మించి దించకూడదు, కాబట్టి 200 ఏహెచ్ కావాలి. లిథియంలో ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే 80 శాతం నిశ్చింతగా వాడొచ్చు, 120 చాలు.

నా ఓటు లిథియానికే. 150 ఏహెచ్ ట్యూబులర్ ఒక్కటే 50 కిలోలు దాటుతుంది. పైగా ఛార్జింగ్‌లో అంటుకునే హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది. దాన్ని సీటు కింద పెట్టి పైన పరుపేసి పడుకోవడమేంటండీ!

ఇంకో జవాబు (విజయవాడ)
ఏసీ సంగతి వదిన గారికి నెమ్మదిగా చెప్పండి. సగటున 600 వాట్లు లాగినా ఎనిమిది గంటలకి 4800 వాట్ అవర్లు. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలు నాలుగైదు కావాలి. కరెంటు ప్లగ్ దొరికే చోట ఆపుకుని ఏసీ వేసుకోండి, బ్యాటరీ మీద ఫ్యాన్లతో సరిపెట్టుకోండి.

మన ఎండలకి అసలు శత్రువు వేడి. ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఏ రకమైనా సైలెన్సర్ పక్కన వద్దు. బండి మూలపడేసేటప్పుడు రెండింటికీ పద్ధతులు వేరు: ట్యూబులర్‌ని నిండా ఛార్జ్ చేసి నెలకోసారి మళ్లీ ఎక్కించాలి, లిథియంని సగం ఛార్జ్‌లో వదిలేయాలి. ట్యూబులర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు కాదు.

మల్టీమీటర్‌తో ట్యూబులర్‌ని చూడొచ్చు: లోడు లేకుండా కాసేపు ఉంచితే 12.7 వోల్టులుంటే నిండుగా, 12.2 ఉంటే సగం ఉన్నట్టు. లిథియం వోల్టేజీ మాత్రం చివరి దాకా దాదాపు ఒకేలా ఉంటుంది, అందుకే ఎంత కరెంటు ఎక్కిందో, దిగిందో లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టించుకోండి. ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ నుంచి లిథియంకి నేరుగా వైరు లాగనివ్వకండి, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటుని అదుపు చేసి ఎక్కించే డీసీ టు డీసీ ఛార్జర్, బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపు ఫ్యూజు ఉండాలి.

ప్రశ్న (గుంటూరు)
చాలా థాంక్సండీ. ఇంట్లో ఇన్వర్టర్ ఛార్జర్ ఉంది, లిథియంకి దాన్నే వాడొచ్చా?

జవాబు (విజయవాడ ఆటోనగర్)
అందులో లిథియం సెట్టింగ్ ఉంటేనే, అన్నా. లిథియంకి 14.6 వోల్టులే పరిమితి. ట్యూబులర్ ఛార్జర్లు కొన్ని ఈక్వలైజ్ (సెల్స్ అన్నీ సమంగా నిండేలా ఎక్కువ వోల్టేజీతో ఎక్కించడం) పేరుతో 15 దాటిస్తాయి, అప్పుడు లిథియం బ్యాటరీలో ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్, బీఎంఎస్, ఛార్జింగ్ కట్ చేసేస్తుంది. మోడల్ నంబరు పెట్టండి, చూసి చెబుతాను.