జర్మనీలో కెమిస్ట్రీ మాస్టర్స్ అయ్యాక పీహెచ్‌డీయా, ఉద్యోగమా?

కొత్తగా వచ్చిన కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేశాను. జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీలో రెండేళ్లు క్యూసీ (మందుల నాణ్యత పరీక్షలు). పోయిన నెల మళ్లీ మాస్టర్స్‌కని ఇక్కడికి వచ్చాను. తర్వాత పీహెచ్‌డీ అంటే ఇంట్లో "ఇంకెన్నాళ్లు చదువుతావురా" అంటున్నారు. ఏం చేయమంటారు?

మాన్‌హైమ్ అన్న:
తమ్ముడూ, ఎమ్మెస్సీ చేతిలో ఉండగా రెండోది ఎందుకని అడగను, నేనూ అదే చేశాను. ఇక్కడి లెక్క వేరు. ల్యాబ్‌లో చేతిపని అంతా కెమీలాబొరాంట్లది. వాళ్లు బడి అవగానే మూడున్నరేళ్లు కంపెనీలోనే పని నేర్చుకుంటారు. వాళ్లు పిపెట్ పట్టే తీరు చూస్తే మనకి సిగ్గేస్తుంది. పైన ల్యాబ్ నడిపే లాబొర్‌లైటర్. ఆ కుర్చీకి పెద్ద కెమికల్ కంపెనీలు మామూలుగా డాక్టరేటే అడుగుతాయి. ఎమ్మెస్సీ వాడు ఈ ఇద్దరి మధ్యా ఇరుక్కుంటాడు. "కింది పోస్టుకి చదువు ఎక్కువ, పై పోస్టుకి తక్కువ" అని ఒక ఇంటర్వ్యూలో నా మొహం మీదే అన్నారు. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది పీహెచ్‌డీకి వెళ్లేది అందుకే.

ఇంట్లో చెప్పు, ఇక్కడ పీహెచ్‌డీ జీతమొచ్చే కొలువు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల పట్టికలో టీవీ-ఎల్ 13 స్కేలు, పెన్షన్‌కీ కట్ అవుతుంది. కాకపోతే కెమిస్ట్రీలో తరచుగా సగం పోస్టో, మూడింట రెండొంతులో ఇస్తారు, జీతమూ ఆ మేరకే. పని మాత్రం పూర్తిగా ఉంటుంది. చేరేముందు ఆ గ్రూపు పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో చూసుకో, ప్రొఫెసర్ పేరుకన్నా అదే ముఖ్యం.

ఫ్రాంక్‌ఫర్ట్ అక్క:
అన్నగారు చెప్పింది సింథసిస్‌కి, అంటే ల్యాబ్‌లో పదార్థాలు తయారుచేసే పనికి, నిజమే. నేను పీహెచ్‌డీ చేయలేదు, క్యూఏలో, అంటే నాణ్యత పద్ధతులు సరిగ్గా పాటిస్తున్నారో చూసే విభాగంలో ఉన్నాను. నీ రెండేళ్ల క్యూసీని తక్కువ చేసుకోకు. హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద మందు పరీక్షించడం ఎవరైనా నేర్చుకుంటారు. లాగ్‌బుక్‌లో కొట్టివేత పక్కన సంతకం, తేదీ లేకపోతే ఆడిటర్ ముందు ఏమవుతుందో తెలిసినవాళ్లు కావాలి. జీఎంపీ (మందుల తయారీ నియమాలు) అక్కడా ఇక్కడా ఒకటే, కానీ ఇక్కడ చాలాచోట్ల ఎస్‌ఓపీలు, అంటే ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు, జర్మన్‌లో ఉంటాయి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. భాష అప్పుడు మొదలుపెడితే టెన్షనే. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు. నేను మొదటి ఏడాది ఆ రోజులన్నీ పిజ్జా డబ్బాలు మోయడానికే పెట్టాను. నువ్వు వెర్క్‌స్టూడెంట్‌గా (చదువుతూ పార్ట్‌టైమ్ పనిచేసే విద్యార్థిగా) ఏదైనా ఫార్మా కంపెనీలో దూరు.

కొత్తగా వచ్చిన కుర్రాడు:
అక్కా, జీడిమెట్లలో ఆ కొట్టివేతకే మెమో తిన్నాను! సోమవారం జర్మన్ బీ1 స్థాయి క్లాసుకి పేరిస్తాను. సీవీలో ఫోటో పెట్టాలా?

ఫ్రాంక్‌ఫర్ట్ అక్క:
తప్పనిసరి కాదు, చాలామంది పెడతారు. పెళ్లిచూపులకి తీయించుకున్నది మాత్రం పెట్టకు.