టెక్సస్ స్కూళ్లలో బెదిరింపు మెసేజీలు: తేల్చేది ఎవరు, మనం చెయ్యాల్సింది ఏంటి?

కొత్తగా_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. "శుక్రవారం స్కూలుకి రావద్దు, చూస్తారుగా" అని స్నాప్‌చాట్ స్క్రీన్‌షాట్ ఒకటి మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరుగుతోంది. సాయంత్రానికి స్కూలు నుంచి ఈమెయిల్: బెదిరింపు నమ్మదగ్గది కాదని తేలింది, క్లాసులు మామూలుగానే ఉంటాయి అని. అలా తేల్చేది ఎవరు, దేన్ని బట్టి? క్యాంపస్‌లో కనబడే పోలీసు ఊరి పోలీసా, స్కూలు డిస్ట్రిక్ట్ మనిషా? మన పిల్లలే సరదాకి ఇలాంటిది పెడితే ఏమవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కేటీ_బాబాయ్
పోలీసు సంగతి నేను చెప్తాను. టెక్సస్‌లో స్కూలు డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ, సొంత పోలీసు శాఖ పెట్టుకోవచ్చు. హ్యూస్టన్ వైపు కేటీ, ఫోర్ట్ బెండ్, ఆస్టిన్ వైపు రౌండ్ రాక్ ఐఎస్‌డీలకు (స్కూలు డిస్ట్రిక్టులనే ఇలా అంటారు) అలాగే ఉంది. వాళ్లు వాచ్‌మన్లు కారు. రాష్ట్ర లైసెన్సున్న అసలు పోలీసులు, కేసు పెడతారు, అరెస్టు చేస్తారు. మీ ఫ్రిస్కోలో పద్ధతి వేరు. ఊరి పోలీసు శాఖ తన ఆఫీసర్లనే స్కూళ్లకు కేటాయిస్తుంది, వాళ్లని ఎస్‌ఆర్‌ఓలు (స్కూల్ రిసోర్స్ ఆఫీసర్లు) అంటారు. భుజం మీద ప్యాచ్ చదివితే ఎవరి మనిషో తెలిసిపోతుంది.

2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన హౌస్ బిల్ 3 అనే టెక్సస్ చట్టం ప్రకారం బడి వేళల్లో ప్రతి క్యాంపస్‌లో కనీసం ఒక సాయుధ ఆఫీసర్ ఉండాలి. అందుకోసం అప్పుడు ఇచ్చింది క్యాంపస్‌కి 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు. దాంతో ఒక ఆఫీసర్ ఏడాది జీతం కూడా రాదు. అందుకే డబ్బో మనుషులో సరిపోని డిస్ట్రిక్టులు చట్టంలోని మినహాయింపు వాడుకుని, ఎలిమెంటరీల్లో స్కూల్ మార్షల్‌నో (శిక్షణ పొంది తుపాకీ పెట్టుకునే స్కూలు ఉద్యోగి), శిక్షణ పొంది తుపాకీ లైసెన్సున్న వేరే మనిషినో పెట్టుకున్నాయి. మినహాయింపు తీసుకోవాలంటే డిస్ట్రిక్ట్ బోర్డు ఓటు వెయ్యాలి కాబట్టి మీ డిస్ట్రిక్ట్ సంగతి బోర్డు మీటింగ్ మినిట్స్‌లో దొరుకుతుంది.

తుపాకీ మనిషి ఉన్నాడు కదా అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. 2022 మే 24న టెక్సస్‌లోని ఉవాల్డేలో స్కూల్లో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. అక్కడికి చేరిన పోలీసులు 376 మంది. అయినా దుండగుణ్ని అడ్డుకోవడానికి 77 నిమిషాలు పట్టింది. శాసనసభ కమిటీ నివేదికలో ఎక్కువమంది చదవని భాగం తలుపుల గురించి. బయటి తలుపు మూసినా తాళం పడలేదు. తాళంచెవులు చాలక తలుపులకు ఏదో ఒకటి అడ్డంపెట్టి తెరిచి ఉంచడం అక్కడ అలవాటు. వైఫై సరిగా లేక అలర్టు అందరికీ చేరలేదు. పైగా సరిహద్దు దగ్గర పోలీసు ఛేజింగుల వల్ల మాటిమాటికీ అలర్టులొచ్చి, "ఇదీ అలాంటిదేలే" అనే ధోరణి వచ్చేసింది.

ఆ తర్వాతే బయటి తలుపులన్నీ వారానికోసారి పరీక్షించాలన్న నియమం వచ్చింది. పక్క తలుపుకి రాయో చెప్పులో అడ్డంపెట్టి ఉంటే ఫోటో తీసి ప్రిన్సిపల్‌కి పంపండి. ఇంకోటి, మన మర్యాద. వెనకాల ఎవరొస్తున్నా తలుపు పట్టుకుని నిలబడతాం. స్కూలు దగ్గర ఆ మర్యాద వద్దు. ఎవరి బెల్లు వాళ్లే కొట్టుకుని లోపలికి రావాలి.

కౌన్సెలింగ్_డెస్క్
ముందు ఈమెయిల్ సంగతి. బాంబు బెదిరింపో, హింస చేస్తామన్న బెదిరింపో వస్తే తల్లిదండ్రులందరికీ వీలైనంత త్వరగా తెలియజెయ్యడం టెక్సస్‌లో చట్టం. ఈమెయిళ్లు ఎక్కువయ్యాయంటే ప్రమాదం పెరిగిందని కాదు.

తేల్చేది పోలీసు ఒక్కడే కాదు. ప్రతి క్యాంపస్‌కీ ఒక థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్, అంటే బెదిరింపు ఎంత నిజమో అంచనా వేసే బృందం, ఉండాలని 2019 చట్టం. అందులో అడ్మినిస్ట్రేటర్, కౌన్సెలర్, మానసిక ఆరోగ్యం, స్పెషల్ ఎడ్యుకేషన్ తెలిసినవాళ్లు, పోలీసు ఉంటారు. మాట ఎంత భయంకరంగా ఉందన్నది వాళ్లకి ముఖ్యం కాదు. ఫలానా మనిషి, ఫలానా చోటు, ఫలానా రోజు అని ఉందా, ఆయుధం అందుబాటులో ఉందా, ప్లాన్ రాసుకున్నాడా, ఇంకెవరినైనా కలుపుకుంటున్నాడా, ఈమధ్య ఏదైనా దెబ్బ తిన్నాడా అని చూస్తారు. కోపంలో నోరుజారి అడగ్గానే వెనక్కి తీసుకున్న మాటని ఒక రకంగా, అడిగినా అదే పట్టుమీద ఉంటే మరో రకంగా చూస్తారు. పేరు లేని స్క్రీన్‌షాట్ అయితే మొదటి పని అసలు పోస్టు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం. చాలాసార్లు అది వేరే రాష్ట్రంలో, అదే పేరున్న ఇంకో స్కూలు గురించి పెట్టింది అవుతుంది.

అందుకే ఫార్వర్డ్ చెయ్యొద్దంటారు. చేతులు మారేకొద్దీ యూజర్‌నేమ్, టైమ్ కట్ అయిపోతాయి, దర్యాప్తుకి కావలసింది అవే. స్క్రీన్‌షాట్‌లో ప్రొఫైల్ పేరు, టైమ్, అవతలి మెసేజీలు పడేలా తియ్యండి. దాన్ని స్కూలుకో, డిస్ట్రిక్ట్ టిప్ లైన్‌కో, రాష్ట్రం వాళ్ల ఐవాచ్‌టెక్సస్ యాప్‌లోనో పంపండి. పేరు చెప్పక్కర్లేదు. ఇప్పుడే జరగబోతోందనిపిస్తే మాత్రం యాప్‌లూ ఈమెయిళ్లూ వద్దు, నేరుగా 911.

పిల్లలకి "చాడీలు చెప్పకు" అని నేర్పే ఇళ్లలో ఈ ఒక్క విషయానికి మినహాయింపు ఇవ్వాలి. అమెరికా సీక్రెట్ సర్వీస్ 2021లో, జరక్కముందే ఆగిపోయిన 67 స్కూలు దాడుల ప్లాన్ల మీద నివేదిక ఇచ్చింది. ముందుగా విని పెద్దవాళ్లకి చెప్పింది ఎక్కువగా తోటి పిల్లలే.

కొత్తగా_ఫ్రిస్కో
చాలా థ్యాంక్సండీ. సరదాకి పెట్టిన పిల్లాడి సంగతి ఎవరైనా చెప్తారా? హెచ్4 (హెచ్1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్నవాళ్లకి అది పెద్ద భయం.

లీగల్_పంతులు
సరదా అన్నది చట్టానికి పట్టదు. బెదిరించడం, అబద్ధపు అలారం రెండూ నేరాలే. మామూలు బెదిరింపు క్లాస్ బి మిస్‌డిమీనర్‌తో (చిన్న నేరం) మొదలవుతుంది. స్కూల్లో బాంబు ఉందనో, కాల్పులనో తెలిసి తెలిసి అబద్ధపు సమాచారమిస్తే స్టేట్ జైల్ ఫెలొనీ (పెద్ద నేరం), అంటే 180 రోజుల నుంచి 2 ఏళ్ల జైలు. ఇది కాక స్కూలు వైపు నుంచి డీఏఈపీ అనే వేరే క్యాంపస్‌కి పంపడం, మరీ తీవ్రమైతే బహిష్కరణ.

టెక్సస్‌లో 10 నుంచి 16 ఏళ్ల దాకా జువెనైల్ కోర్టు. 17 నిండితే పెద్దవాళ్ల కోర్టే, ఇంకా హైస్కూల్లో ఉన్నా సరే. ఇమ్మిగ్రేషన్‌లో తేడా ఇక్కడే వస్తుంది. జువెనైల్ కోర్టు తీర్పుని సాధారణంగా కన్విక్షన్‌గా (నేరం రుజువైనట్టు) లెక్కించరు. 17 ఏళ్లవాడికి పెద్దల కోర్టులో పడే శిక్ష అలా కాదు. కాబట్టి ప్లీ బేరానికి (శిక్ష తగ్గించుకోవడానికి నేరం ఒప్పుకోవడం) ఒప్పుకునే ముందే క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ కూర్చోబెట్టండి. తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

థ్రెట్ అసెస్‌మెంట్ మొదలుపెట్టే ముందు తల్లిదండ్రులకి చెప్పాలి, మీరు పాల్గొని మీ దగ్గరున్న సమాచారం ఇవ్వొచ్చు, అయ్యాక తేలిందేంటో మీకు చెప్పాలి. 2023 నుంచి ఇది హక్కు. వెళ్లండి. కానీ పోలీసు ప్రశ్నలు వేసే గది వేరు. ప్రిన్సిపల్‌తో మాట్లాడుతుంటే పక్కన పోలీసు కూర్చుని ఉంటే, లాయర్ వచ్చాక మాట్లాడతామని మర్యాదగా చెప్పడం తప్పేమీ కాదు. ఇంకో మాట, ఫోన్‌లోంచి ఏదీ డిలీట్ చేయించకండి. పిల్లాడి జోకు కాస్తా సాక్ష్యం చెరిపిన కేసవుతుంది.

కేటీ_బాబాయ్
ఒకటి చెప్పడం మర్చిపోయాను. "హోల్డ్" అని మెసేజ్ వస్తే వరండాలు ఖాళీ చేశారని అర్థం, ఒక పిల్లాడికి ఫిట్స్ వచ్చినా పెడతారు. "సెక్యూర్" అంటే ప్రమాదం బయట ఉంది, లోపల పాఠాలు సాగుతున్నాయి. "లాక్‌డౌన్" ఒక్కటే లోపలి ప్రమాదం. మూడింటికీ ఒకేలా కారేసుకుని పరుగెత్తితే అంబులెన్స్‌కి దారి ఉండదు. పిల్లాడికి ఫోన్ కూడా చెయ్యొద్దు, దాక్కున్నచోట అది మోగుతుంది.

పిల్లల్ని అప్పగించే చోటు వేరే ఉంటుంది, మెసేజ్‌లో చెప్తారు. అక్కడ ఫోటో ఐడీ మీద పేరు, స్కూలు లిస్టులో పేరు ఒకటే ఉంటే గానీ వదలరు. మనవాళ్లకి ఇక్కడే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, స్కూలు పోర్టల్‌లో ఒక్క అక్షరం. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యా అమ్మమ్మా రోజూ బస్టాపు దగ్గర దింపుకుంటున్నా లిస్టులో ఉండరు. పోర్టల్ తెరిచి, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే వాళ్ల పేర్లు చేర్చి, ఇండియన్ పాస్‌పోర్టుని ఐడీగా ఒప్పుకుంటారో లేదో ఫ్రంట్ ఆఫీసులో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.