వేలిముద్రా, వేలి జాడా?

గ్రూపులో అందరికీ నమస్తే. "వేలిముద్ర" అన్న మాట గురించి అడగాలి. ముందు కొంచెం కథ చెప్పాలి, ఓపిక పట్టండి.

పోయిన నెల హనుమకొండలో మా ఇంట్లో దొంగలు పడ్డారు. పెళ్లికి పోయి రెండు రోజులకు వచ్చేసరికి తాళం పగిలి ఉంది. పెద్దగా ఏం పోలేదు, వెండి పట్టగొలుసులు, కొంత నగదు. మర్నాడు పోలీసుల క్లూస్ టీం వాళ్లు వచ్చారు. బీరువా తలుపు మీద నల్లటి పొడిని మెత్తటి బ్రష్షుతో అద్దితే, అప్పటిదాకా ఏమీ కనిపించని చోట సన్నటి గీతలు తేలాయి. ఫొటో తీసుకున్నారు, టేపు అంటించి పైకి లేపారు. ఆ పొడి మాత్రం తలుపును వదలట్లేదు. అమ్మ సర్ఫు పెట్టి ఇంకా తోముతూనే ఉంది.

అదే బీరువా కింది అరలో మా బాపమ్మ నాటి పంపకాల కాగితం ఉండేది. దొంగ దాన్ని లాగి నేల మీద పడేసిపోయాడు. కాగితం అడుగున ఊదారంగు సిరాలో బాపమ్మ బొటనవేలు, పక్కన ఎవరో గుండ్రటి అక్షరాల్లో రాసిన "నిశాని" అన్న మాట.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. ఇంటివాళ్ల ముద్రలు తీసేస్తే గానీ బయటివాడిది తేలదు కాబట్టి మా అందరి వేళ్లూ ఇమ్మన్నారు. అమ్మ ముఖం మాడ్చుకుంది. "నేను ఏడో తరగతి చదివిన. సంతకం చేస్త. ఏలుముద్ర ఎందుకేస్త?" అంది. ఆ టీంలోని అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ఎంతో సేపు నచ్చజెప్పాల్సి వచ్చింది.

బాపమ్మ వేసిందీ వేలిముద్రే, దొంగ వదిలిందీ వేలిముద్రే, అమ్మ వెయ్యనన్నదీ వేలిముద్రే. మూడింటికీ ఒక్క మాట సరిపోతుందా? నాకెందుకో రాత్రంతా ఇదే నలిగింది.

కాజీపేట తమ్ముడు: ఫింగర్ ప్రింట్ అంటే వేలిముద్ర, అంతే కదన్నా. ముందు పట్టగొలుసులు దొరికినయా చెప్పు.

హుజూరాబాద్ తెలుగు పంతులు (రిటైర్డ్): తమ్ముడూ, అంత తేలిగ్గా తోసెయ్యకు. ముద్ర అంటే వేసేది. కాకతీయులకు వరాహం రాజముద్ర. సీతమ్మకు నమ్మకం కుదరడానికి హనుమంతుడి చేతికి రాముడిచ్చింది ముద్రిక. అచ్చువేయడాన్ని ముద్రణ అన్నాం. వీటన్నింటిలో వేసినవాడి ఇష్టం ఉంది, "ఇది నాది, నేనే వేశాను" అన్న ఒప్పుకోలు ఉంది. "దొంగ అనే ముద్ర పడింది" అంటాం కదా అనొచ్చు. అక్కడ కూడా ఊరు వేస్తేనే అది పడింది.

మీ బాపమ్మది ముద్రే, సందేహం లేదు. మరి దొంగ? వాడు ముద్ర వేయడానికి వచ్చాడా? వాడికి తెలియకుండా మిగిలిపోయినదాన్ని తెలుగులో జాడ అంటారు. అడుగుజాడ ఉన్నప్పుడు వేలిజాడ ఎందుకుండకూడదు? మా చిన్నప్పుడు ఎడ్లు పోతే పొద్దున్నే బురదలో గిట్టల గుర్తులు చూసుకుంటూ "జాడ తీసేవాళ్లు" ఉండేవారు. ఎద్దు నడక కుంటిదా, బరువు మోస్తుందా, వెంట మనిషి ఉన్నాడా, అన్నీ చెప్పేవారు. పోలీసు కుక్కను పత్రికలవాళ్లు జాగిలం అంటారు కానీ, అది చేసేదీ జాడ తీయడమే.

కరీంనగర్ నుంచి, పోలీసు వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి: పంతులుగారి మాట మా ఆఫీసులో ఉన్నదే, కాకపోతే ఇంగ్లీషులో. మనిషిని కూర్చోబెట్టి సిరా పూసి తీసుకున్నవి ఒక రకం. స్థలంలో దొరికినవి "చాన్స్ ప్రింట్లు". రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడమే మా ఉద్యోగమంతా. తెలుగులో రిపోర్టు రాయాల్సి వస్తే రెండింటికీ వేలిముద్ర అనే రాసేవాళ్లం, ఏది ఏదో తెలియక మేమే తికమక పడేవాళ్లం. మీ మాట ముప్పై ఏళ్ల కిందట తెలిస్తే బాగుండేది.

చరిత్రలో కూడా ముద్ర ముందు, జాడ తర్వాత. 1858 జూలైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర రోడ్డు కంకర కాంట్రాక్టు రాయించుకుంటూ, రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతిని కాగితం వెనక అద్దించాడు. రేప్పొద్దున "సంతకం నాది కాదు" అనకుండా భయపెట్టడానికి. సైన్సేమీ లేదు అందులో. తర్వాత 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛనుదార్ల చేత వేళ్లు వేయించాడు. చచ్చిపోయినవాళ్ల పేరు మీద బతికున్నవాళ్లు పైసలు తీసుకుంటున్నారని. అంటే మన పింఛన్ల వేలిముద్ర మిషనుకు తాత ముత్తాత హుగ్లీలో ఉన్నాడు.

ఇక జాడ సంగతి. 1897లో బెంగాల్ జల్పాయిగురిలో టీ తోట మేనేజరును చంపేశారు. ఇంట్లో ఒక బెంగాలీ పంచాంగం దొరికింది, దాని మీద రెండు గోధుమరంగు మరకలు. ఒకప్పుడు ఆ మేనేజరు దగ్గర పనిచేసి, దొంగతనం కేసులో జైలుకు పోయిన కాంగాలీ చరణ్ బొటనవేలు అప్పటికే రికార్డులో ఉంది. మరక దానికి సరిపోయింది. ఆ ఏడే కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టారు. లండన్ స్కాట్లండ్ యార్డు 1901 దాకా ఆగింది. కానీ ఈ కేసు తీర్పు చూడండి: దొంగతనానికి శిక్ష వేశారు, హత్య మాత్రం రుజువు కాలేదన్నారు. రక్తపు వేలు పంచాంగాన్ని తాకిందని తెలిసింది, కత్తి ఎవరు ఎత్తారో తెలియలేదు. జాడ "వచ్చాడు" అని చెప్తుంది. "చేశాడు" అని చెప్పదు. ఈ ముక్క చాలామంది ఎస్సైలకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి నాకు సర్వీసంతా సరిపోయింది.

ఇంకొకటి. చిన్నప్పుడు మీరంతా వేళ్లు చూసుకొని చక్రాలెన్ని (గుండ్రంగా తిరిగే గీతలు), శంఖాలెన్ని (వంగి వచ్చిన వైపే తిరిగిపోయే గీతలు) అని లెక్కపెట్టుకున్నారా? పది చక్రాలుంటే రాజవుతాడని. కలకత్తా బ్యూరోలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ చేసిన వర్గీకరణ దాదాపు అదే ఆట. కుడి బొటనవేలు, చూపుడు వేలు ఒక జంట. వాటిలో చక్రం ఉంటే వేలుకు 16 మార్కులు. తర్వాతి జంటకు 8, ఆ తర్వాత 4, 2, చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలుకు 1. శంఖం ఉన్న వేలుకు సున్నా. జంటలో ఒక వేలి మార్కు పైన, ఇంకోదానిది కింద భిన్నంలా వేసి, రెండు వైపులా కూడి ఒకటి కలిపితే పైన 1 నుంచి 32 దాకా, కింద 1 నుంచి 32 దాకా వస్తాయి. మొత్తం 1024 గూళ్లు. లక్షల కార్డుల్లో మనిషిని ఆ గూటిలో వెతికితే చాలు. దానికి పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది పెట్టారు. కంప్యూటర్ రాకముందు మేం ఆ లెక్కతోనే బతికాం. ఇప్పుడు 2022 నుంచి దేశమంతటికీ కలిపి నాఫిస్ అనే వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థ ఉంది, నిమిషాల్లో వెతికి పెడుతుంది. ఆఖరున సరిపోయిందని చెప్పాల్సింది మాత్రం ఇప్పటికీ మనిషి కళ్లే.

జగిత్యాల అక్క: సార్లందరూ నిశాని మాట వదిలేసిండ్రు. మా దిక్కు వేలిముద్ర అనేదే తక్కువ. "నిశాని వెయ్యి" అంటరు, "అంగూటా పెట్టు" అంటరు. నిశాన్ అంటే గుర్తు. వేసిన గుర్తు కూడా నిశానే, మిగిలిన గుర్తు కూడా నిశానే. "నామ్ నిషాన్ లేకుంట పోయిండు" అంటే జాడ లేకుండ పోయిండనే కదా. మీరు రెండు మాటలు చేసి విడదీస్తున్నరు, మా ఉర్దూ మాట రెంటినీ ఒక్క తాన కట్టేసింది.

ఇంగొక మాట. మా అమ్మ నలభై ఏండ్లు బీడీలు చేసింది. చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొసలు బొటనవేలితోని లోపలికి వొత్తుడు. రోజుకు వెయ్యి. ఇప్పుడు ఆమె వేలు పట్టుకొని చూస్తే పలక తీరు నున్నగ ఉన్నది. రేషన్ దుకాణంల మిషన్ మీద పెడ్తే ఎర్ర లైటే. డీలరు "ఏలు పడ్తలేదవ్వా" అంటడు. తుడుస్తది, చీర కొంగుకు రాస్తది, మళ్ల పెడ్తది. "గీతలు బీడీల కంపెనీకే ఇచ్చిన బిడ్డా" అంటది నవ్వుకుంట. చదువు రానోళ్లకని పెట్టిన నిశాని, కష్టం చేసినోళ్లకే పడకుండ అయింది. "వేలు పడుడు" అన్న మాటను నిఘంటువుల ఎక్కించుండ్రి పంతులుగారూ.

కరీంనగర్ నుంచి: అక్కా, మీ అమ్మగారి గీతలు పూర్తిగా పోవు. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడేవి అవి, లోపలి పొరలో అచ్చు ఉంటుంది. పై చర్మం అరిగితే మిషనుకు కనిపించదు, పని మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ తేలుతుంది. మానేయమని చెప్పడం నా పని కాదనుకోండి.

పోస్టు పెట్టిన నేనే: సార్, ఒక సందేహం. నల్లపొడి బీరువాకు వాడారు. మరి పంపకాల కాగితాన్ని కూడా దొంగ పట్టుకున్నాడు కదా, దాని మీద ఉండదా?

కరీంనగర్ నుంచి: ఉండొచ్చు. కాగితం చెమటను పీల్చేస్తుంది, పొడి పెద్దగా అంటదు. నిన్‌హైడ్రిన్ అనే మందు ఉంది. చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి వంకాయ రంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్ కవర్లకయితే ఫెవిక్విక్ జాతి జిగురును వేడి చేసి ఆ ఆవిరి పట్టిస్తారు, గీతల మీద తెల్లగా పేరుకుంటుంది. కానీ మీ బాపమ్మ కాగితానికి మందు పట్టించమని అడగకండి. దొంగ దొరుకుతాడేమో, బాపమ్మ సిరా పోతుంది.

కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేస్తున్న చెల్లెలు: నాకు "డీఎన్ఏ వేలిముద్ర" అన్న మాట మింగుడుపడదు. అందులో వేలు ఎక్కడుంది? 1984లో ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టినప్పుడు వేలిముద్రలకు ఉన్న పరపతిని అరువు తెచ్చుకొని ఆ పేరు పెట్టాడు. మనం కళ్లు మూసుకొని తెలుగు చేసుకున్నాం. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతి పాము మీద పని చేస్తూ చేస్తూ, ఆ పాము నుంచే తీసిన ప్రోబ్‌తో (పోల్చడానికి వాడే డీఎన్ఏ ముక్క) మనుషులను గుర్తుపట్టే పద్ధతి తెచ్చారు. పాము నుంచి వచ్చినదానికి వేలిముద్ర అని పేరు, చూడండి.

నన్నడిగితే దానికి "పోలిక" అనాలి. పిల్లాడు పుడితే "అచ్చు నాయన పోలికే" అంటాం. డీఎన్ఏ చెప్పేది అదే, సగం తల్లిది సగం తండ్రిది. పోల్చి చూడటానికీ అదే మాట. జెఫ్రీస్ పద్ధతి వాడిన మొదటి హత్య కేసులో పోలిక కుదరకపోవడం వల్లే, నేరం ఒప్పుకున్న పదిహేడేళ్ల కుర్రాడు నిర్దోషి అని తేలింది. అసలువాడు తర్వాత దొరికాడు.

ఇంకా ఉంది. ఫోరెన్సిక్ అన్న మాట రోమన్ల "ఫోరమ్" నుంచి వచ్చింది. ఊరి నడుమ జనం చేరి తగువులు తీర్చుకునే చోటు. అది మన రచ్చ కాదా? కాబట్టి ఫోరెన్సిక్ సైన్సును రచ్చశాస్త్రం అందామా? నవ్వకండి.

హుజూరాబాద్ పంతులు: నవ్వడం లేదమ్మా. రచ్చ అంటే ఇప్పుడు గొడవ అయిపోయింది గానీ, అది రథ్యా అన్న మాట నుంచి వచ్చింది, వీధి అని అర్థం. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్న సామెత మీ శాస్త్రం కోసమే పుట్టినట్టుంది.

కరీంనగర్ నుంచి: నూటికి నూరు పాళ్లు. హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబులో గెలవడం ఇంట గెలవడం. సాక్షి బోనులో నిలబడితే రచ్చ. డిఫెన్సు లాయరు జాడ గురించి అడగడు. ప్యాకెట్ మీద సీలు ఎవరు వేశారు, ఏ రోజు పంపారు, మధ్యలో ఎన్నాళ్లు ఎక్కడ ఉంది, అవే అడుగుతాడు. సీలు సరిగా లేక పోయిన కేసులు ఉన్నాయి. అంటే పంతులుగారి ముద్ర లేకపోతే మీ జాడ నిలవదు. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ వాళ్లు స్థలానికి వెళ్లాలని పెట్టారు, రాష్ట్రాలకు ఏర్పాట్లకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. రచ్చ గెలిచే పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

కాజీపేట తమ్ముడు: ఇదంతా సరే, పట్టగొలుసులు?

నేనే, పది రోజుల తర్వాత: తమ్ముడూ, ఇంకా దొరకలేదు. ఇవాళ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. బీరువా మీద లేపిన వాటిలో పోల్చడానికి పనికొచ్చేంత బాగున్నవి నాలుగట. నాలుగూ అమ్మవే. దొంగ చేతికి గుడ్డ చుట్టుకొని ఉంటాడని అనుకుంటున్నారు. అమ్మకు చెప్తే సర్ఫు గిన్నె పక్కన పెట్టి తలుపు వైపు చూసింది. "నేనెయ్యనంటే ముందే పడి ఉన్నయా?" అంది.