సమస్యాపూరణం: "మిరియమే కాయగా మారి మిరప యయ్యె"

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. మిరియం తీగకు కాస్తుంది, మిరప వంకాయ కుటుంబానికి చెందిన మొక్క; ఒకటి మరొకటిగా మారడం అసంభవం కనుక, ఈ అసంభవాన్ని పేరు పుట్టుకతో సమన్వయించవలసిందిగా కవిమిత్రులకు మనవి.

మొదటి పూరణ:
నావపైఁ బోర్చుగీసులు నాఁడు తేరఁ
గొత్త కాయకుఁ బేరొండు కుదర దనుచుఁ
దెలుఁగు నాలుక కారమ్ముఁ దెలిసి పిలువ
మిరియమే కాయగా మారి మిరప యయ్యె.

రెండవ పూరణ:
మిరియములఁ గోరి వెడలిన మేటి నావ
పడమటన్ గాంచె నెఱ్ఱని పండు నొకటి
పాత పేరునె దానికిఁ బంచి యిడఁగ
మిరియమే కాయగా మారి మిరప యయ్యె.

మూడవ పూరణ:
చిలి యనెడు దేశమందునఁ జెలఁగి పుట్టి
కడలి దాటి మా యింటికిఁ గదలి రాఁగ
బామ్మ రుచి చూచి పాతదౌ పేరు పెట్ట
మిరియమే కాయగా మారి మిరప యయ్యె.

నిర్వాహకుడు: మొదటి పూరణలో "నాలుక" అన్న ఒక్క మాట నన్ను ఆపేసింది. 16వ శతాబ్దంలో ఓడలపై వచ్చిన ఆ కాయ రంగులోనూ ఆకారంలోనూ మిరియాన్ని ఏమాత్రం పోలదు. అయినా అంతవరకు వంటింటి కారమంటే మిరియమే, పిప్పలే కనుక, కంటికి కనిపించని పోలికను నాలుకే పట్టుకొని పేరు పెట్టింది. తమిళులు మిళగుకు కాయ్ చేర్చి మిళగాయ్ అన్నారు, కన్నడిగులు మెణసుకు కాయి చేర్చి మెణసినకాయి అన్నారు. సమస్యలోని "కాయగా మారి" అన్న భాగానికి ఇంతకంటే చక్కని అన్వయం ఉండదు.

రెండవ పూరణ 1492 నాటి కొలంబస్ యాత్రను చక్కగా స్మరించింది. స్పానిష్ భాషలో మిరియం "పిమియెంతా", మిరప "పిమియెంతో". కానీ అక్కడ మారింది చివరి అచ్చు మాత్రమే, "కాయ" చేరలేదు. అందువల్ల భావం అందంగా ఉన్నా అన్వయం సగమే కుదిరింది.

మూడవ పూరణ మూడవ పాదంలో బా-పే లకు యతి చెల్లదు. అంతకంటే ముఖ్యంగా, "చిల్లీ" అన్న మాట మెక్సికోలోని నవాత్ల్ భాషకు చెందినది. చిలీ దేశపు పేరుతో దానికి సంబంధం లేదు. దయచేసి సవరించండి.

మూడవ పూరణ కవి: ధన్యవాదాలు గురువుగారూ. పేర్ల పోలికను నమ్మి పొరపడ్డాను. సవరించిన పూరణ:
మెక్సికో దేశమందున మెఱసి పుట్టి
కడలి దాటి మా యింటికిఁ గదలి రాఁగఁ
బెద్దలా రుచిఁ జూచి యా పేరె పెట్ట
మిరియమే కాయగా మారి మిరప యయ్యె.