మంచు కింద దిగేది ఇద్దరు, పైన నలుగురు ఎందుకు?

రుషికొండ ఈతగాడు:
విశాఖలో రుషికొండ దగ్గర స్కూబా నేర్చుకొని ఇప్పటికి ఇరవై డైవ్‌లు పూర్తిచేశాను. మార్చిలో రష్యాలోని బైకాల్ సరస్సుకు, గడ్డకట్టిన మంచు కింద డైవ్ చేయడానికి వెళ్తున్న మిత్రులు నన్నూ రమ్మంటున్నారు. అయితే మొదటి రెండు రోజులు నేను నీటిలోకి దిగకుండా, మంచు మీద నిలబడి తాడు పట్టుకోవాలట. అంత ఖర్చు పెట్టుకొని వెళ్లేది తాడు పట్టుకోవడానికా? ఇద్దరు దిగితే పైన నలుగురు ఉండాలట; ఇక్కడ పడవ మీద ఒక్కరుంటే సరిపోతోంది కదా?

చలినీటి డైవర్:
ఇక్కడ ఏ ఇబ్బంది వచ్చినా నెమ్మదిగా పైకి తేలవచ్చు. అక్కడ మీ తలపైన మీటరు దాకా మందమున్న మంచు కప్పు ఉంటుంది, దిగిన కన్నం తప్ప వేరే దారి ఉండదు. అందువల్ల దిగే ఒక్కో డైవర్ ఒంటికి కట్టిన పట్టీకి తాడు బిగించి, రెండో కొస పైనున్న ఒక్కో మనిషి చేతిలో పెడతారు. మరొక డైవర్ పూర్తి దుస్తులతో, ఇంకా పొడవైన తాడుతో కన్నం పక్కనే సిద్ధంగా ఉంటాడు, అతని తాడు పట్టుకోవడానికి ఇంకొకరు; అలా పైన నలుగురు. తాడు ఊడి దారి తప్పినవాడు వెతుక్కుంటూ తిరగకూడదు. మంచు అడుగుకు చేరి నిలువుగా వేచి ఉండాలి. సిద్ధంగా ఉన్న డైవర్ దూరంగా ఈదుకుంటూ వెళ్లి, తాడు బిగువుగా ఉంచి మంచు కిందనే చుట్టూ తిరుగుతాడు. ఆ తాడు ఎక్కడో ఒకచోట దారి తప్పినవాడికి తగులుతుంది.

సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, అంటే రెగ్యులేటర్, సంగతి వేరు. సిలిండర్‌లోని గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడటంతో, సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న నీటిలో కవాటం గడ్డకట్టి తెరుచుకునే ఉండిపోవచ్చు. అప్పుడు గాలి ఆగకుండా పోతుంది. అందుకే విడివిడి కవాటాలకు రెండు రెగ్యులేటర్లు బిగిస్తారు. నీటిలోకి దిగకముందే చలిగాలిలో వాటితో ఊపిరి పీల్చి చూడటం మాత్రం మానండి, ఆ తేమే గడ్డకడుతుంది.

రేవు పనివాడు:
నేను మంచును చూడలేదు గానీ, ఓడరేవులో నీటి అడుగు పనులకు పైన తాడు పట్టి పన్నెండేళ్లయింది. తాడు గాలిపటం దారంలా ఉండాలి: మరీ బిగిస్తే లోపలివాడు ఈదలేడు, వదులైతే అతని లాగుడు మీ చేతికి అందదు. ఒకసారి ఫోన్ మోగితే నేను ఒక్క నిమిషం అటు చూశాను; అంతలో వదులైన తాడు జెట్టీ స్తంభానికి చుట్టుకుంది. లోపలి మనిషి మూడుసార్లు లాగాడట, నాకు ఒక్కటీ తెలియలేదు. ఆయన ఎలాగో విడిపించుకొని పైకొచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మీకైతే మందపాటి చేతి తొడుగులు కూడా ఉంటాయి కనుక, చిన్న కదలిక తెలియడం ఇంకా కష్టం. ఎన్ని లాగుళ్లకు ఏమిటి అర్థమో బృందానికి బృందానికి మారుతుంది గనుక ముందే అడిగి రాసుకోండి.

రుషికొండ ఈతగాడు:
ధన్యవాదాలు అండీ. ఈ ఆదివారం ఉదయం ఇసుకలో తమ్ముడి నడుముకు ముప్పై మీటర్ల తాడు కట్టి, నేను కళ్లకు గంతలు, చేతులకు ఉన్ని తొడుగులు వేసుకొని కూర్చుంటాను. ఎన్ని లాగుళ్లు సరిగ్గా లెక్కపెట్టానో సాయంత్రం రాస్తాను.